పన్నెండు బార్ల ట్రాంబోన్ సోలో: స్వరాలు కుదిరాయి, స్వింగ్ రావట్లేదు

ప్రశ్న (నోవై అమ్మ)

అందరికీ నమస్కారం. మేం మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి దగ్గర్లో నోవైలో ఉంటాం. మా అమ్మాయికి 14 ఏళ్ళు. ఆరో తరగతిలో బ్యాండుకి ఏ వాయిద్యం కావాలో ఎంచుకోమన్నప్పుడు దాని స్నేహితులంతా ఫ్లూటు, క్లారినెట్టు తీసుకుంటే ఇది ట్రాంబోన్ పట్టుకొచ్చింది. అప్పట్లో స్లైడు (ముందుకీ వెనక్కీ జరిపే గొట్టం) చివరి దాకా దాని చెయ్యి అందేది కూడా కాదు. ఇప్పుడు బాగానే వాయిస్తోంది. ఈ ఏడాది జాజ్ బ్యాండులోకి తీసుకున్నారు. మా ఇంట్లో టెన్షన్ అక్కడ మొదలైంది.

వచ్చే నెల కచేరీ ఉంది. బ్యాండు మాస్టారు తనే రాసిన పాట ఒకటి ఇచ్చారు. సి మైనర్‌లో 12 బార్ల బ్లూస్, నిమిషానికి 132 బీట్లు. బారు అంటే నాలుగు బీట్ల ఆవర్తనం లాంటిది, 12 బార్లకి ఒక చుట్టు. పాట మొదట్లో స్వరాలన్నీ రాసే ఉన్నాయి. మధ్యలో ట్రాంబోన్ సోలో అని పెట్టి, 24 బార్ల పాటు ఏమీ రాయలేదు. ఏటవాలు గీతలు, వాటి పైన కార్డుల (కలిపి మోగే స్వరాల గుంపుల) పేర్లు, అంతే. ఇక్కడ నీకు తోచింది వాయించు అన్నారట. పిల్ల ఇంటికొచ్చి ఆ కాగితం నా ముందు పెట్టి, "అమ్మా, తోచడం అంటే ఏంటి? నాకేం తోచట్లేదు" అని ఏడ్చేసింది.

నేను రాజమండ్రిలో తొమ్మిదేళ్ళు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. అప్పటికప్పుడు అల్లుకునే కల్పనస్వరాలు పాడినదాన్నే కదా, ఇదెంత పని అనుకున్నాను. మాస్టారు వాడుకోమని చెప్పిన స్వరాలు సి, ఇ ఫ్లాట్, ఎఫ్, జి, బి ఫ్లాట్. సి ని షడ్జం చేసుకుంటే అవి స గ మ ప ని. సాధారణ గాంధారం, కైశికి నిషాదం. అచ్చంగా శుద్ధ ధన్యాసి రాగం! నా ప్రాణం లేచి వచ్చింది. ఒక ఆదివారమంతా కూర్చుని 24 బార్లకీ స్వరాలు కట్టి రాసిచ్చాను. ప్రతి బారూ సమంలో (మొదటి దెబ్బ మీద) ఎత్తుకునేలా, చివర మూడుసార్లు వచ్చే ముక్తాయింపుతో. ట్రాంబోన్‌కి మెట్లు లేవు కాబట్టి వీణ మీద కంటే హాయిగా జారు (ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారడం) వేయొచ్చనిపించి, వీలైన చోటల్లా జారించమని కూడా చెప్పాను. పిల్ల రెండు వారాలు కష్టపడి తప్పు లేకుండా వాయించింది.

మాస్టారు విని రెండే మాటలు అన్నారట. స్వరాలు బాగున్నాయి గానీ స్వింగ్ కావట్లేదు. ఆ స్లైడు జారుళ్ళు బాగా తగ్గించు.

నాకు రెండూ అర్థం కాలేదు. స్వరం, తాళం రెండూ సరిగ్గా ఉన్నప్పుడు ఇంకా లేనిదేమిటి? జారడానికే పుట్టిన వాయిద్యంలో జారవద్దంటే ఎలా? దీని గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా తెలుగులో చెబితే నేను దానికి చెప్పుకోగలను. కచేరీకి ఇంకా 26 రోజులుంది.


జవాబు (ఎడిసన్ ట్రాంబోన్)

అమ్మా, మీ ప్రశ్న పొద్దున న్యూయార్క్ వెళ్ళే రైల్లో చదివాను, జవాబు కూడా అక్కడే మొదలుపెట్టాను.

నాదీ మీలాంటి ఇల్లే. కాకినాడలో మా అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి సంగీతం క్లాసులో కూర్చోబెట్టేది. ఎం.ఎస్. చదవడానికి ఇక్కడికొచ్చాక, 31వ ఏట, ఒక ట్రాంబోన్ అద్దెకు తెచ్చుకున్నాను. 14 ఏళ్ళుగా మా ఊళ్ళో ఒక చిన్న బిగ్ బ్యాండులో (జాజ్ బృందంలో) మూడో ట్రాంబోన్ కుర్చీ నాది. ఉద్యోగం వేరే. కానీ మీ అమ్మాయి ఇవాళ ఎక్కడ ఆగిపోయిందో నేనూ సరిగ్గా అక్కడే చాలా ఏళ్ళు ఆగిపోయాను కాబట్టి చెప్పగలననుకుంటున్నాను.

మీ శుద్ధ ధన్యాసిలో తప్పేమీ లేదు. ఇబ్బంది ఎత్తుగడలో ఉంది. ప్రతి బారూ సమంలో ఎత్తుకున్నానని మీరే రాశారు. స్వింగ్ పాటలో బాసు నాలుగు బీట్లూ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. డ్రమ్ముల దగ్గర హై-హ్యాట్ అనే జంట తాళాలు రెండో బీటు మీద, నాలుగో బీటు మీద 'చిక్' మని మూసుకుంటాయి. సమం ఎక్కడుందో వాళ్ళిద్దరూ చెబుతూనే ఉన్నారు. సోలో వాయించేవాళ్ళు కూడా ప్రతిసారీ అక్కడే అడుగు వేస్తే నేల మీద నడిచినట్టుంటుంది, ఊయల ఊగినట్టుండదు. అనాగతం మీకు నేను చెప్పాలా? సమాన్ని పోనిచ్చి, అర అక్షరం ఆగి ఎత్తుకోవడం. అమ్మాయి చేత అదే పదబంధాన్ని, ఒక్క స్వరం కూడా మార్చకుండా, అర బీటు ఆలస్యంగా ఎత్తించి చూడండి. సగం పని అక్కడే అయిపోతుంది.

మిగతా సగం నాలుక పని. రాసినప్పుడు ఒక బీటులో రెండు సమానమైన స్వరాలు కనిపిస్తాయి. వాయించినప్పుడు మొదటిది పొడుగు, రెండోది పొట్టి. తిశ్రగతిలో (బీటుకి మూడు అక్షరాల నడకలో) 'తకిట' తీసుకుని 'కి' పలక్కుండా వదిలేయండి. 'తా-ట, తా-ట'. ఇది లెక్క. ట్రాంబోన్ మీద ఇంకో చిక్కుంది. ట్రంపెట్‌లో మీట నొక్కితే స్వరం తెగిపడుతుంది. ట్రాంబోన్‌లో ఊపిరి ఆపకుండా చెయ్యి కదిపితే మధ్యలో ఉన్నదంతా వినిపించేస్తుంది. అందుకని దాదాపు ప్రతి స్వరాన్నీ నాలుకతో తాకాలి. గట్టిగా 'ట' అంటే అది కవాతు పాట అయిపోతుంది. మెత్తగా 'ద' అనాలి. 'దూ-ద, దూ-ద'. రెండో 'ద' మీదే చిన్న ఒత్తు. ఇది ముందు నోటితో పలికించండి, వాయిద్యం పెట్టెలోనే ఉండనివ్వండి.

ఇక జారు సంగతి. మీ బాధ నాకు బాగా తెలుసు. నేనూ ఈ వాయిద్యం దగ్గరికి జారు కోసమే వచ్చాను. న్యూ ఓర్లియన్స్‌లో పాతకాలపు బ్యాండ్లు బండి మీద ఊరేగుతూ వాయించేవి. ట్రాంబోన్ స్లైడుకి చోటు కావాలి కాబట్టి ఆ మనిషిని బండి వెనక తలుపు దగ్గర కూర్చోబెట్టేవారు. ఆ బాణీకి 'టెయిల్‌గేట్' అనే పేరు అలా వచ్చింది. 1886లో పుట్టిన ట్రాంబోన్ మనిషి కిడ్ ఓరీ రికార్డులు వినండి, మీకు కావలసినంత జారుడు ఉంటుంది. పాట కింద నుంచి పైకి ఏనుగు తొండం లేచినట్టు లేస్తుంది. అద్భుతంగా ఉంటుంది.

కానీ 1940ల్లో బీబాప్ అనే వేగమైన జాజ్ బాణీ వచ్చింది. చార్లీ పార్కర్ శాక్సోఫోన్ మీద, డిజీ గిలెస్పీ ట్రంపెట్ మీద పరుగులు తీశారు. ట్రాంబోన్ ఆ వేగాన్ని అందుకోలేదని చాలామంది అనుకున్నారు. ఇండియానాపొలిస్‌లో 1924లో పుట్టిన జె.జె. జాన్సన్ దాన్ని అందుకున్నాడు. అందుకోవడానికి ఆయన జారుళ్ళు తగ్గించాడు, కంపనం తగ్గించాడు, ప్రతి స్వరాన్నీ విడిగా, శుభ్రంగా పలికించాడు. రికార్డు విని అది స్లైడు ట్రాంబోన్ కాదు, మీటలున్న వాల్వ్ ట్రాంబోన్ అయి ఉంటుందనుకున్న వాళ్ళున్నారు. 1954 ఏప్రిల్ 29న ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్‌తో చేసిన 'వాకిన్' వినండి. 13 నిమిషాల బ్లూస్ అది. మైల్స్ సోలో అయ్యాక జె.జె. వస్తాడు. ఎక్కడా తొందర లేదు. ఆయన తర్వాత వచ్చిన ట్రాంబోన్ వాళ్ళందరికీ అదే బడి. మీ మాస్టారు తగ్గించమన్నది ఆ బడి మాట. జారు వద్దని కాదు, ప్రతి చోటా జారితే ఏ ఒక్క జారుకీ విలువ ఉండదని.

ఒక్క జారు మాత్రం నేను మీకు ఇస్తాను. ఎఫ్ షార్ప్ నుంచి జి కి. మీ లెక్కలో ప్రతిమధ్యమం నుంచి పంచమానికి. స్లైడు అయిదో పొజిషన్ (స్లైడు ఆపే చోటు) నుంచి నాలుగో పొజిషన్‌కి, అరచెయ్యంత దూరం కూడా ఉండదు. నాలుక తాకకుండా, ఊపిరి తెగకుండా. బ్లూస్‌లో ఏడుపంతా అక్కడే ఉంటుంది. 24 బార్లలో ఒక్కసారి వేయించండి.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన సంగతి. మీ మాస్టారు సి మైనర్ ఎంచుకోవడం ఊరికే కాదని నా నమ్మకం. ట్రాంబోన్‌లో ఏడు పొజిషన్లు. ఒక్కో పొజిషన్‌లో చెయ్యి కదపకుండా పెదవులు బిగించి వదులుతూ కొన్ని స్వరాలు తీయొచ్చు. మూడో పొజిషన్‌లో చెయ్యి పెట్టమనండి. ఎ ఫ్లాట్, సి, పైన ఇ ఫ్లాట్, మూడూ అక్కడే దొరుకుతాయి. నాలుగో పొజిషన్‌కి ఒక్క మెట్టు జరపమనండి. జి, బి, డి, మూడూ అక్కడే. మీ కాగితంలో తొమ్మిదో బారు మీద ఎ ఫ్లాట్ సెవెన్, పదో బారు మీద జి సెవెన్ అని ఉందా? మైనర్ బ్లూస్‌లో సాధారణంగా అదే ఉంటుంది. అంటే పిల్లలు ఎక్కువగా భయపడే ఆ రెండు బార్లలో తను చెయ్యి ఒకే ఒక్కసారి కదిపితే చాలు. మిగతాదంతా పెదవుల మీద. పదో బారులో ఆ బి మీ కాకలి నిషాదం. శుద్ధ ధన్యాసిలో లేదు, అయినా అక్కడ అది పడితే తర్వాతి సి లోకి ఎలా లాక్కెళ్తుందో మీ చెవికి వెంటనే తెలుస్తుంది. ఇంకొకటి, మధ్య బి ఫ్లాట్‌ని అందరూ మొదటి పొజిషన్‌లో నేర్చుకుంటారు. సి నుంచి బి ఫ్లాట్‌కి, అక్కణ్ణుంచి జి కి వచ్చేటప్పుడు మూడు, ఒకటి, నాలుగు అని చెయ్యి ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. అదే బి ఫ్లాట్‌ని అయిదో పొజిషన్‌లో తీస్తే మూడు, అయిదు, నాలుగు. వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తెలుస్తుంది.

వినడానికి ఒక్కటే చెబుతాను. 'ఫైవ్ స్పాట్ ఆఫ్టర్ డార్క్'. మైనర్ బ్లూస్. రాసింది టెనర్ శాక్సోఫోన్ వాయించే బెనీ గోల్సన్, ట్రాంబోన్ కర్టిస్ ఫుల్లర్. 'బ్లూస్-ఎట్' అనే ఆల్బంలో ఉంది. 1959 మే 21న న్యూజెర్సీ హ్యాకెన్‌సాక్‌లో, రూడీ వాన్ గెల్డర్ అనే ఇంజనీరు తన తల్లిదండ్రుల ఇంటి హాల్లోనే పెట్టుకున్న స్టూడియోలో రికార్డు చేశారు. పియానో టామీ ఫ్లానగన్, బాసు జిమీ గారిసన్, డ్రమ్ములు ఆల్ హేర్‌వుడ్. ఫుల్లర్‌ది మీ డెట్రాయిటే అమ్మా! ఫ్లానగన్‌దీ డెట్రాయిటే. ఫుల్లర్ చిన్నప్పుడే అమ్మానాన్నల్ని పోగొట్టుకుని అనాథాశ్రమంలో పెరిగాడు. ట్రాంబోన్ పట్టుకునేసరికి 16 ఏళ్ళు, మీ అమ్మాయి కంటే రెండేళ్ళు పెద్ద. 1957లో న్యూయార్క్ వెళ్ళాడు, ఆ సెప్టెంబరులోనే శాక్సోఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ పక్కన 'బ్లూ ట్రెయిన్' రికార్డులో ఉన్నాడు. 2021లో పోయాడు. మీ ఇంటి నుంచి కారులో వెళ్ళగలిగే దూరంలో పెరిగిన మనిషి ఆ శబ్దం చేశాడని అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

వినేటప్పుడు మొదటిసారి బాసు మాత్రమే వినమనండి, 12 బార్లు వేళ్ళ మీద లెక్కపెడుతూ. రెండోసారి హై-హ్యాట్. ఆ తర్వాతే ట్రాంబోన్. ఫుల్లర్ శబ్దం వెడల్పుగా, వెచ్చగా ఉంటుంది, కానీ స్వరం మొదలు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ఒక మాట అంటాడు, ఆగుతాడు, పియానోని వింటాడు, ఇంకో మాట అంటాడు. ఆ ఆగడాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనండి.

సోలో మొత్తం రాసుకుని బట్టీ పట్టనివ్వకండి. నేను ఆ పని చేశాను కాబట్టి చెబుతున్నాను. మొదటిసారి సోలో దొరికినప్పుడు ఒక గొప్ప సోలోని మూడు నెలలు కూర్చుని స్వరం స్వరం రాసుకుని వేదిక మీద అప్పజెప్పాను. స్వరం ఒక్కటీ తప్పలేదు. మధ్యలో మా డ్రమ్మర్ నాకు తోడుగా ఒక చిన్న విరుపు వేశాడు. నేను దానికి బదులు ఇవ్వలేకపోయాను, ఎందుకంటే నా కాగితంలో ఆ విరుపు లేదు. అతను ఇంకోసారి వేశాడు. మూడోసారి వేయలేదు. ఆ రాత్రి ఇంటికి డ్రైవ్ చేస్తూ చాలా బాధపడ్డాను. మీరు రాసిచ్చిన 24 బార్లని కూడా అందుకే పక్కన పెట్టమంటున్నాను, కోపం తెచ్చుకోకండి. అందులోంచి తనకి నచ్చిన రెండు ముక్కలు ఉంచుకోనివ్వండి.

రోజూ చేయాల్సింది చిన్నదే. మీరు తాళం వేయండి, తను పాడాలి, వాయించకూడదు. రెండు బార్లు పాడి, రెండు బార్లు ఊరుకోవాలి. ఫోన్‌లో రికార్డు చేసుకుని, నచ్చిన ముక్కని అప్పుడు ట్రాంబోన్ మీద వెతుక్కోవాలి. గొంతులోంచి వచ్చినదానికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పాపకి తోచడం లేదని మీరు రాశారు. స్నానం చేస్తూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తుంది కదా? తోచడం అంటే అదే.


జవాబు (మృదంగం, హైదరాబాద్)

పైన ఎడిసన్ గారు చెప్పినవన్నీ బాగున్నాయి. ఒక్క చోట నేను ఒప్పుకోను. స్వింగ్‌ని తిశ్రం అనడం.

నేను మృదంగం నేర్చుకుని తర్వాత డ్రమ్స్‌కి వచ్చినవాణ్ణి. మొదట్లో నేనూ 'తా-ట, తా-ట' అని కచ్చితంగా తిశ్రంలో రైడ్ సింబల్ (డ్రమ్ముల పక్కన ఉండే పెద్ద ఇత్తడి పళ్ళెం) కొట్టేవాణ్ణి. గడియారం నడిచినట్టు ఉండేది. రికార్డులు నెమ్మదిగా తిప్పుకుని వింటే అసలు సంగతి తెలిసింది. పాట నెమ్మదిగా ఉంటే ఆ పొడుగు-పొట్టి తేడా ఎక్కువ, వేగం పెరిగేకొద్దీ రెండూ సమానానికి దగ్గరవుతాయి. బాగా వేగంగా వాయించేటప్పుడు దాదాపు సమానమే. 132 అంటే మధ్యస్థం, తిశ్రానికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి మొదలుపెట్టడానికి పరవాలేదు. కానీ పిల్లకి లెక్కగా నేర్పితే లెక్కే వాయిస్తుంది. పెద్దవాళ్ళని విని వాళ్ళ యాసలో మాట్లాడటం లాంటిది ఇది. గోదావరి యాస కాగితం మీద రాసి నేర్పగలరా ఎవరికైనా?

అమ్మగారికి ఒక పని చెబుతాను. మెట్రోనోమ్ (టిక్ టిక్ మని లయ చెప్పే యంత్రం) 132 మీద పెట్టకండి. సగం, 66 మీద పెట్టండి. వచ్చే ప్రతి టిక్కునీ రెండో బీటు, నాలుగో బీటు అనుకోవాలి. ఒకటి, మూడు మనమే లోపల పెట్టుకోవాలి. మనకి సమంలో దెబ్బ వేసే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంటుంది కాబట్టి మొదటి రోజు చాలా కష్టంగా ఉంటుంది. మీరూ అమ్మాయీ కలిసి చప్పట్లు కొట్టండి, రెండు మీదా నాలుగు మీదా. నాలుగైదు రోజుల్లో ఒళ్ళే ఊగుతుంది.

కల్పనస్వరాల్లో ఎడుప్పు (పాట ఎత్తుకునే చోటు) ఎంత ముఖ్యమో ఇక్కడ 25వ బారు అంత ముఖ్యం. మీ అమ్మాయి సోలో 24లో పూర్తయితే మిగతా బ్యాండు 25లో వస్తుంది. ఆఖరి మాటని సరిగ్గా గీత దగ్గర తెంచేయకుండా, ఆ తర్వాతి బారు మొదటి బీటు మీద దించి వదిలేయమనండి. తర్వాతివాళ్ళ చేతికి అందించినట్టుంటుంది.


జవాబు (ఎడిసన్ ట్రాంబోన్)

మృదంగం గారూ, ఒప్పుకుంటున్నాను. తిశ్రం అన్నది నేను గుమ్మం దాటించడానికి వాడే మాట, లోపలికి వెళ్ళాక అది వదిలేయాలి. అలా అని ముందే చెప్పి ఉండాల్సింది. 66 మీద మెట్రోనోమ్ పెట్టే పద్ధతి మా బ్యాండులో కూడా చేస్తాం, అమ్మా, అది తప్పకుండా చేయండి.


నోవై అమ్మ

26 రోజులు అయ్యాయి. కచేరీ నిన్న రాత్రి అయింది. ముందే రాయాల్సింది, కానీ అయ్యాకే రాద్దామనుకున్నాను.

ఇద్దరికీ నా నమస్కారాలు. నేను కట్టిన స్వరాల కాగితాన్ని మొదటి రోజే మడిచి సొరుగులో పెట్టేశాను. బాధ అనిపించలేదంటే అబద్ధం. తర్వాత రోజూ స్కూలుకి వెళ్ళే కారులో పాడుకున్నాం. దూరం 11 నిమిషాలు. రెండు మీదా నాలుగు మీదా చప్పట్లు దాని వంతు, నా చేతిలో స్టీరింగ్ ఉంటుంది కాబట్టి నేను నోటితో 'చిక్' అనేదాన్ని. మొదటి నాలుగు రోజులూ నా 'చిక్' సమం మీదకి జారిపోతూనే ఉంది. పిల్లకి నాకంటే ముందే పట్టుబడింది. "అమ్మా, నువ్వు మళ్ళీ ఒకటి మీదకి వెళ్ళిపోయావు" అని అదే నన్ను సరిదిద్దేది.

ఫుల్లర్ డెట్రాయిట్ వాడని చెప్పిన రోజు నుంచి దాని తీరే మారిపోయింది. ఆ రికార్డు వంటింట్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే అది బల్ల మీద వేళ్ళతో 12 బార్లు లెక్కపెట్టేది. ఒకరోజు హఠాత్తుగా, "ఆయన మాట్లాడుతున్నాడమ్మా, ఊరికే ఊదట్లేదు" అంది. నేను స్టవ్ కట్టేసి దాని పక్కన కూర్చుని మళ్ళీ మొదటి నుంచి విన్నాను.

మూడో పొజిషన్, నాలుగో పొజిషన్ సంగతి చెప్పగానే వెంటనే వాయిద్యం తెరిచి చూసుకుంది. మీరన్నట్టే తొమ్మిదో బారు ఎ ఫ్లాట్ సెవెన్, పదో బారు జి సెవెన్. ఆ రెండు బార్లూ ఇప్పుడు దానికి అన్నిటికంటే ఇష్టం. కాకలి నిషాదం అక్కడ పడ్డప్పుడు నా చెయ్యి దానంతటదే లేచింది.

నిన్న మొదటి బారులో ఏమీ వాయించలేదు. నాకు గుండె ఆగినంత పనైంది, మర్చిపోయిందేమోనని. రెండో బారులో, సమం దాటాక, మూడే స్వరాలు. మళ్ళీ ఆగింది. పియానో అబ్బాయి వాటినే పైన వాయించాడు. అప్పుడు అవే మూడు స్వరాలు కొంచెం పొడిగించి తను ఇచ్చింది. రెండో చుట్టులో ఎక్కడో ఊపిరి చాలక ఒక మాట మధ్యలో తెగిపోయింది, ఏడో బారనుకుంటాను. కంగారుపడకుండా బాసుని విని తొమ్మిదో బారులో ఎత్తుకుంది. మీరిచ్చిన జారు చివరి దాకా దాచుకుని 23లో వేసింది, ఒక్కసారే. వెనక శాక్సోఫోన్ పిల్లలు కేకలు పెట్టారు. 25వ బారు మొదటి బీటు మీద సి దించి, ట్రాంబోన్ కిందకి దించి, నా వైపు చూసింది.

మాస్టారు ఏమన్నారో దాని మాటల్లోనే: "ఇంకోసారి అదే వాయించకు, ఇంకోటి వాయించు అన్నారమ్మా." ఇప్పుడు దానికి అదే పని. రోజూ ఇంకోటి.

ఇంకో ప్రశ్న. ఇవాళ పొద్దున లేవగానే, ట్రాంబోన్ మనిషిలా మాట్లాడినట్టు వినిపించే రికార్డు ఏదో విన్నానని, దానికి వాయిద్యం మూతికి (శబ్దం బయటికొచ్చే వెడల్పాటి చివరకి) అడ్డుపెట్టే మూత ఒకటి కావాలని అడుగుతోంది. అది ఎక్కడ దొరుకుతుంది? ఏది కొనాలి?


జవాబు (ఎడిసన్ ట్రాంబోన్)

మీరు రాసింది రెండుసార్లు చదివాను అమ్మా. మొదటి బారు ఖాళీగా వదలడం 14 ఏళ్ళకే వచ్చిందంటే ఆ పాప నిజంగా వింటోంది.

తను విన్నది బహుశా డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండులో ట్రికీ శామ్ నాంటన్ అయి ఉంటుంది. 1920ల నుంచి 1940ల దాకా ఆ బ్యాండులో ట్రాంబోన్ చేత మాట్లాడించిన మనిషి. దానికి మ్యూజిక్ షాపుకే వెళ్ళక్కర్లేదు. హార్డ్‌వేర్ షాపులో సింకు మూసుకుపోతే వాడే రబ్బరు ప్లంజర్ కొనండి. కర్ర పీకేసి రబ్బరు కప్పు ఒక్కటే ఉంచండి. ట్రాంబోన్ మూతి వెడల్పు కొలుచుకుని వెళ్ళండి, కప్పు మరీ చిన్నదైతే పనికిరాదు. కొత్తది కొనండి, వంటింట్లోది వాడొద్దు. ఎడమ చేత్తో వాయిద్యాన్ని మోస్తూ అదే చేత్తో కప్పుని మూతి ముందు తెరిచి మూయాలి కాబట్టి మొదటి వారం మణికట్టు నొప్పెడుతుంది. రోజుకి పది నిమిషాలు మించనివ్వకండి. మూసినప్పుడు 'వూ', తెరిచినప్పుడు 'వా'. ముందు పాడమనండి.